తప్పు ఫ్రీజర్‌ది కాదు, పచ్చిగా పెట్టడానిది

పాతబస్తీలో లాల్ దర్వాజా నుంచి గౌలిపుర దాకా, శాలిబండ నుంచి ఉప్పుగూడ దాకా చాలా ఇళ్లలో పుట్టగొడుగుల గురించి ఒకటే మాట వినిపిస్తుంది. తెచ్చిన రోజే వండాలి, మిగిలితే పారేయాలి, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. ఎందుకని అడిగితే మూడు జవాబులు చెబుతారు. విషమవుతుందని ఒకరు, సత్తువ పోతుందని ఇంకొకరు, రబ్బరులా సాగుతుందని మరొకరు. మొదటి రెండూ తప్పు. మూడోది సగం నిజం. ఆ సగానికీ కారణం ఫ్రీజర్ కాదు, మనం పెట్టే పద్ధతి.

ఇవే ఇళ్లలో ఫ్రీజర్ తలుపు తీసి చూడండి. చలికాలంలో చవగ్గా దొరికినప్పుడు ఒలిచి దాచిన బఠాణీలు ఉంటాయి. బక్రీద్ వెళ్లాక పక్క గల్లీలో ఫ్రీజర్లు మాంసంతో నిండిపోతాయి, వారాల తరబడి ఆ మాంసమే వండుకుంటారు. రంజాన్ రాకముందే సమోసాలు చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, ఇఫ్తార్ వేళకు నూనెలో వేస్తారు. వీటిలో దేని మీదా ఎవరికీ అనుమానం లేదు. మాంసానికి పట్టని విషం పుట్టగొడుగుకే ఎందుకు పడుతుంది?

పట్టదు. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవుల పెరుగుదల ఆగిపోతుంది. అవి చావవు, అందుకే కరిగించి గంటల తరబడి బయట ఉంచితే మళ్ళీ పెరుగుతాయి. ఇది మాంసానికీ వర్తిస్తుంది, బఠాణీకీ వర్తిస్తుంది, పుట్టగొడుగుకూ వర్తిస్తుంది. దీనికంటూ ప్రత్యేకమైన విషం ఫ్రీజర్‌లో పుట్టదు. “రాత్రి వండిన పుట్టకొక్కుల కూర పొద్దుగాల తినద్దు బిడ్డా, కడుపుల తిప్పుతది” అని పెద్దవాళ్లు చెప్పేది ఫ్రిజ్ లేని వంటింటి మాట. ఎండాకాలం రాత్రి గట్టు మీద గిన్నెలో ఉన్న కూర విషయంలో అది అక్షరాలా నిజం. గంటలోపే చల్లార్చి, గట్టిగా మూతపెట్టి, గడ్డకట్టించిన దానికి ఆ మాట వర్తించదు. పెద్దల జాగ్రత్తను గౌరవించాలంటే దాని వెనకున్న కారణాన్ని పట్టుకోవాలి. కారణం పోయాక కూడా భయాన్ని పట్టుకు వేలాడితే అది జాగ్రత్త కాదు.

ఇక తాజా సంగతి. మనకు ఎక్కువగా దొరికే బటన్ పుట్టగొడుగు చలి కోరే పంట. మొగ్గ తొడిగే దశలో దానికి 14 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. 1997లో భారత పుట్టగొడుగుల నగరంగా ప్రకటించిన సోలన్ హిమాచల్ ప్రదేశ్ కొండల్లో ఉంది. హైదరాబాద్ లాంటి చోట ఏడాది పొడుగునా ఇది పండాలంటే చల్లటి గదులు కట్టాల్సిందే. ఆ గదిలో కోసి, డబ్బాలో సర్ది, బండెక్కించి, దుకాణానికి చేర్చి, అక్కడ ఒక రోజు గడిచాక మన సంచిలోకి వస్తుంది. కోసిన తర్వాత కూడా పుట్టగొడుగు శ్వాసిస్తూనే ఉంటుంది. ఒంట్లో 90 శాతం నీరే. వంకాయకూ దోసకాయకూ ఉన్నట్టు నీటిని ఆపే తొక్క దానికి లేదు. మూడు నాలుగు రోజులు ఫ్రిజ్ కింది అరలో ఉంటే గొడుగు గోధుమరంగుకు తిరుగుతుంది, పైన జిగట పడుతుంది, వాసన మారుతుంది. దీన్ని తాజా అనుకుని వండేవాళ్లు, తెచ్చిన రోజే వేయించి గడ్డకట్టించిన దాన్ని నిల్వ సరుకని వద్దంటున్నారు. రెండింటిలో మంచి స్థితిలో ఆగినది రెండోదే.

సత్తువ పోతుందన్న మాటలో ఎంత నిజముందో కూడా చెప్పుకుందాం. నీళ్లలో ఉడికిస్తే బి విటమిన్లు కొంత ఆ నీళ్లలోకి దిగిపోతాయి. ఆ నీళ్లు పారబోస్తే నష్టమే. కాని అది ఉడకబెట్టి వంచడం వల్ల జరిగే నష్టం, చలి వల్ల కాదు. తాజా పుట్టగొడుగును ఉడకబెట్టి నీళ్లు వంచినా అంతే జరుగుతుంది. మాంసకృత్తులూ పీచూ ఖనిజాలూ చలికి ఎక్కడికీ పోవు.

మిగిలింది రబ్బరు ఫిర్యాదు. దీన్ని తీసిపారేయకూడదు, ఎందుకంటే పచ్చి డబ్బాను అలాగే ఫ్రీజర్‌లోకి తోసినవాళ్లందరికీ ఇది ఎదురైంది. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా చల్లబరుస్తుంది. నెమ్మదిగా గడ్డకట్టే నీరు పెద్ద పెద్ద మంచు పలుకులు కడుతుంది, అవి పుట్టగొడుగు లోపలి కణాల గోడల్ని చీలుస్తాయి. కరిగించగానే నీరంతా బయటికొచ్చి ముక్క చప్పబడి సాగుతుంది. పైగా కోసిన పుట్టగొడుగును నల్లబరిచే ఎంజైములు చలిలో మందగిస్తాయే తప్ప చావవు. వాటిని చంపేది వేడి. అంటే ఫ్రీజర్‌లోకి వెళ్లేముందే రెండు పనులు కావాలి: నీరు పోవాలి, వేడి తగలాలి. రెండూ పొయ్యి మీద ఒక్కసారే అవుతాయి.

పుట్టగొడుగుల్ని నానబెట్టకండి. ధారగా పడే నీటి కింద గబగబా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అర సెంటీమీటరు మందాన ముక్కలు కోయండి. వెడల్పాటి మూకుడు బాగా కాగాక చెంచాడు నూనె వేసి, పెద్ద మంట మీద ముక్కల్ని ఒకే పొరగా పరవండి. ఎక్కువుంటే రెండు విడతలుగా చేయండి. మొదట చుయ్యిమంటుంది. కాసేపట్లో ముక్కలు నీరొదిలి ఆ నీటిలోనే కుతకుతలాడతాయి. చాలామంది ఇక్కడే దించేస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఆగండి. నీరు మొత్తం ఇగిరి, కుతకుతలు ఆగి, మళ్ళీ నూనె చిటపటలు వినపడాలి. మూకుడు నిండా ఉన్న ముక్కలు అప్పటికి సగానికి తగ్గి, అంచులు లేత బంగారు రంగుకు తిరుగుతాయి. ఉప్పూ కారం మసాలా ఏదీ వేయొద్దు, అప్పుడే అవి పులావుకైనా ఇగురుకైనా పనికొస్తాయి. పళ్లెంలో పూర్తిగా చల్లారనిచ్చి, అదే పళ్లెంతో రెండు గంటలు ఫ్రీజర్‌లో ఉంచండి. ముక్కలు విడివిడిగా గట్టిపడ్డాక జిప్ కవర్లో పోసి, గాలి నొక్కేసి, మీద తేదీ రాయండి.

నూనె వద్దనుకునేవాళ్లకు ఆవిరి దారి ఉంది. నిమ్మరసం కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలుంచితే రంగు మారదు. తర్వాత ముక్కలైతే 3 నిమిషాలు, నాలుగు చెక్కలు చేసినవైతే మూడున్నర, గుండ్రంగా ఉన్నవైతే 5 నిమిషాలు ఆవిరి పట్టించి, వెంటనే చల్లటి నీళ్లలో వేసి, నీరోడ్చి గడ్డకట్టించాలి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు పలచన, దాన్ని చేత్తో చీల్చి వేయించడమే మేలు. మన ఎండలకు తట్టుకుని పండే పాల పుట్టగొడుగు కండగలది, రెండు దారులకూ లొంగుతుంది. ఏదైనా సరే, వండేటప్పుడు కరిగించకుండా కవర్లోంచి నేరుగా మరుగుతున్న కూరలో వేయాలి. సలాడ్‌కు ఇవి పనికిరావు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కాని మన ఇళ్లలో పుట్టగొడుగును సలాడ్‌గా తినేదెవరు? మనం వండేవి మసాలా కూర, ఇగురు, బిర్యానీ. వాటిలో తేడా నాలుకకు అందదు.

ఫ్రీజర్‌కూ హద్దులున్నాయి. పాతబస్తీలో చాలా ఇళ్లలో ఉన్నది ఒకే తలుపు ఫ్రిజ్, పైన చిన్న ఐస్ డబ్బా. ఆ డబ్బా మీద నక్షత్రాల గుర్తులుంటే చూడండి. అవి కరెంటు పొదుపు నక్షత్రాలు కావు, చల్లదనాన్ని చెప్పేవి. ఒకటుంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18 డిగ్రీలు. ఒక నక్షత్రం డబ్బాలో వారం, రెండైతే నెల, మూడైతే మూడు నెలలు దాచుకోవచ్చు. గుర్తులేవీ లేకపోతే, ఐస్‌క్రీం రాయిలా నిలవని డబ్బాలో వారం మించి ఏదీ ఉంచకండి. కరెంటు పోతే తలుపు తీయకండి. విడి తలుపున్న ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగముంటే 24 గంటలు చల్లదనం నిలుపుతుంది. ఐస్ డబ్బాకు అంత ఓపిక లేదు.

ఇంకొక హద్దు మరీ ముఖ్యం. తొలకరి తర్వాత అడవి అంచుల్లో ఏరుకొచ్చే పుట్టగొడుగుల్లో విషపువి ఉంటే, ఆ విషాన్ని చలీ తీయదు, పొయ్యి మంటా తీయదు. వెండి చెంచా నల్లబడితేనే విషమన్న పరీక్ష ఉత్తమాట. తెలియని పుట్టగొడుగును తినకూడదు, దాచకూడదు. నిజంగా భయపడాల్సింది దీనికి.

ఇంతగా వాదించడం ఒక కూర కోసం కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోనే వృథా అయింది. ఆ లెక్కలో మన చెత్తబుట్టలో పడ్డ జిగట పుట్టగొడుగూ ఉంది. ‘రోజూ తాజాగానే వండాలి’ అన్న నియమం భారమంతా మోసేది ఆడవాళ్లు. లాడ్ బజార్ గాజులకు రోజంతా ఇంట్లోనే రాళ్లద్ది, సాయంత్రం మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి వేయించి ఉంచిన కవరొకటి అందుబాటులో ఉంటే అరగంట మిగులుతుంది. ఆ అరగంటను సోమరితనమనే హక్కు ఎవరికీ లేదు. పుట్టగొడుగు అసలు తినని ఇళ్లున్నాయి, అది వాళ్ల ఇష్టం. తినే ఇళ్లు మాత్రం లేని విషానికి జడిసి ఉన్న తిండిని పారేయడం తప్పు.

అమ్మలారా, అక్కలారా, వంటింట్లో నిలబడే అన్నలారా! మాదన్నపేట మండీలోనో మీ వీధి బండి మీదో ధర తగ్గిన రోజున ఒక డబ్బా ఎక్కువ కొనండి. ఆ సాయంత్రమే నీరు ఇగిరేదాకా వేయించండి, చల్లార్చి దాచండి, తేదీ రాయండి, మీ ఫ్రీజర్ ఇచ్చే గడువులోపు వండండి. పచ్చి డబ్బాను ఫ్రీజర్‌లోకి తోయడం మాత్రం ఈ రోజుతో మానేయండి.