వేగడం గ్రామ్యమట!

ఈ మధ్య ఒక అనువాద పోటీ ఫలితాలు వచ్చాయి. బహుమతి ఎవరికి రావాలో చెప్పడం మా పని కాదు. మా పత్రికకు తరచూ రాసే ఒకావిడ పంపిన కథ తిరిగొచ్చింది. వస్తే వచ్చింది, ఎర్రసిరా గీతలతో వచ్చింది. మూలకథలో ఓ ముసలావిడ మొగుడి మీద విసుక్కుంటూ, ఇన్నేళ్లూ ఆయన్ని 'పుట్ అప్ విత్' చేశానంటుంది. ఈవిడ 'ఇన్నేళ్లూ ఈ మనిషితో వేగాను' అని రాశారు. న్యాయనిర్ణేత ఆ మాట కొట్టేసి, పైన 'సహించాను' అని దిద్ది, పక్కన 'గ్రామ్యం' అని ఒక్క ముక్క పెట్టారు.

ఇంగ్లీషు మాట సంగతి ముందు చూద్దాం. పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైకి, విత్ అంటే తో. ఈ మూడూ కలిస్తే ఓర్చుకోవడం ఎలా అయిందని ఇంటర్మీడియట్ పిల్లలు తల పట్టుకుంటారు. నాలుగు శతాబ్దాలు వెనక్కి పోతే దారి దొరుకుతుంది. ఆనాటి ఇంగ్లీషులో 'పుట్ అప్' అంటే తీసి లోపల పెట్టేసుకోవడం. 'రోమియో జూలియట్' తొలి రంగంలో కొట్టుకుంటున్న నౌకర్లను కత్తులు ఒరలో పెట్టమని బెన్వోలియో గదమాయించేది ఈ మాటతోనే. 'కింగ్ లియర్'లో ఎడ్మండ్ ఉత్తరం గబుక్కున దాచేస్తుంటే తండ్రి నిలదీసేదీ ఈ మాటతోనే. కత్తీ ఉత్తరమూ పోయిన దారినే అవమానమూ లోపలికి పోయింది. 'ఒథెల్లో'లో రోడరిగో, తనకు జరిగినదానికి ఇక నోరు మూసుకుని ఊరుకోనని ఎగిరేటప్పుడు వాడింది ఇదే. అప్పటికి దానికి 'విత్' తోక లేదు. తోకతో సహా ఇప్పటి అర్థం పద్దెనిమిదో శతాబ్దం నడిమికి కనబడుతుంది.

తెలుగువాడికి ఇందులో వింతేముంది? తప్పు జరిగితే 'కడుపులో పెట్టుకోండి' అంటాం. అవమానాన్ని దిగమింగుతాం. వాళ్లు ఒరలోనో జేబులోనో పెట్టుకున్నది మనం పొట్టలో పెట్టుకున్నాం, అంతే.

ఈ జాతి క్రియలు పరాయివాళ్లకు కొరకరాని కొయ్యలని శామ్యూల్ జాన్సన్ 1755లోనే తన నిఘంటువు ముందుమాటలో చెప్పి, వాటిని శ్రద్ధగా ఏరి మరీ పెట్టాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్‌సాల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ సూచించిన పేరది. పండితులు పేరు పెట్టేదాకా జనం ఆగలేదన్నమాట. వాక్యం చివర 'విత్' రాకూడదన్న చాదస్తుణ్ణి చర్చిల్ ఈ క్రియతోనే వెక్కిరించాడని ఒక కథ చెబుతారు. కథ బాగుంది గానీ, ఆయన అన్నట్టు ఆధారం లేదు.

అసలు విషయం ఏమిటంటే, ఇంగ్లీషులో ఈ అర్థానికి వేరే మాటలు లేక కాదు. లాటిన్ నుంచి వచ్చిన టాలరేట్ ఉంది, ఫ్రెంచి మీదుగా వచ్చిన ఎండ్యూర్ ఉంది, సొంత మాట బేర్ ఉంది. (ఈ బేర్, మన 'భరించు'లో ఉన్న సంస్కృత ధాతువు ఒకే మూలం నుంచి విడిపోయిన దాయాదులు. అది మరో రోజు ముచ్చట.) టాలరేట్ కోటు తొడుక్కుని సభకొచ్చే మాట. పుట్ అప్ విత్ వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ అనే మాట. మూలంలో ముసలావిడ రెండోది అంది. తెలుగులో ఆవిడ చేత 'సహించాను' అనిపిస్తే, ఆమె అనని మాటను అనువదించినట్టే. 'సహించేది లేదు' అన్నది మంత్రిగారి ప్రకటన. మొగుడితో కాపురం చేసిన మనిషి అలా మాట్లాడదు.

మనకేమన్నా మాటలకు కరువా? సూది నొప్పి ఓర్చుకుంటాం. ఎండకు తాళలేం. ఇరుకింట్లో సర్దుకుపోతాం. అత్తగారితో పడతాం. చాలీచాలని జీతంతో నెట్టుకొస్తాం. మొండివాడితో మాత్రం వేగుతాం. తెలంగాణలో అయితే ఏగుతాం. నూనెలో మిరపకాయ వేగినట్టు వేగడమే అది: అందులో ఓర్పుంది, ఉక్రోషముంది, తప్పించుకునే దారి లేకపోవడముంది. పైగా ఇంగ్లీషు 'విత్' చేసే పనిని మన 'తో' పొల్లుపోకుండా చేస్తోంది. ఇంతకన్నా దగ్గరి మాటను ఏ నిఘంటువు ఇస్తుంది? కొట్టేయడానికి చెయ్యి ఎలా వచ్చిందో!

చేతికి అలవాటైన పని కనక వచ్చింది. వాడుకభాష తరఫున మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ తన అసమ్మతి పత్రం ఇచ్చింది 1914లో. అదే వాదం మోసిన గిడుగు పోయింది 1940లో. సవర మాట్లాడే మనుషులు ఏమంటున్నారో విని, వాళ్ల భాషకు నిఘంటువు కట్టిన మనిషి గిడుగు. ఆయన పుట్టినరోజును భాషాదినోత్సవం చేసి, ఆగస్టు 29న దండలేసి, 30 నుంచి ఎర్రసిరా పెన్నులు తీస్తున్నాం. గ్రాంథికం వ్యాసాల్లోంచి పోయింది, కథల్లోంచి పోయింది; పోయి పోయి దిద్దేవాళ్ల చేతుల్లో కాపురం పెట్టింది. వీళ్లు ఆ గ్రాంథికానికి వ్యాకరణం రాసిన చిన్నయసూరిని చదివారా అంటే అదీ అనుమానమే. చదివినవాడికి అచ్చతెలుగు మాటంటే ఇంత చులకన ఉండదు. ఇంగ్లీషువాడి వాడుకమాటను 'జాతీయం' అని నెత్తిన పెట్టుకుని, దానికి ఈడూజోడూ అయిన మన మాటను 'గ్రామ్యం' అని గెంటేయడం పాండిత్యం కాదు, బానిసబుద్ధి.

ప్రాంతానికో మాట, ఇంటికో మాట అయితే ప్రామాణికత ఏం కావాలని అడిగేవాళ్లున్నారు, అడగాల్సిన ప్రశ్నే.

జవాబు పెద్ద కష్టమేం కాదు. అన్నీ ఎక్కించండి. ఇంగ్లీషు నిఘంటువులు ఒక మాట వాడుకదా, పుస్తకాలదా, పాతబడిందా అని పక్కన గుర్తు వేస్తాయి. మనమూ వేద్దాం. 'ఓర్చుకొను' దగ్గర నొప్పి అని, 'సర్దుకుపోవు' దగ్గర రాజీ అని, 'వేగు' దగ్గర విసుగు అని, 'ఏగు' దగ్గర తెలంగాణ అని రాస్తే, అనువాదకులు తమకు కావలసింది తామే ఏరుకుంటారు. 'సహించు'కూ చోటుంది. పక్కన 'ప్రకటనలకు మాత్రమే' అని వేస్తే సరి.