నిజం రాసిచ్చి అమ్మేవాడికే శిక్షా?

2025 ఏడాది పాత బళ్ల యజమానులకు కునుకు లేకుండా చేసింది. జూలై 1న ఢిల్లీ బంకుల్లో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లకూ పదేళ్లు దాటిన డీజిల్ బళ్లకూ చుక్క పోయొద్దన్నారు. గగ్గోలు పుట్టింది, వారం తిరిగేసరికి వాయిదా వేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద చర్యలకు దిగొద్దంది. డిసెంబరులో ఆ అభయాన్ని బీఎస్-4, ఆపై కాలుష్య ప్రమాణాల బళ్లకే కుదించింది. ఈ గలాటా మధ్యలో ఆగస్టులోనే కేంద్రం ఇరవయ్యేళ్లు దాటిన బళ్ల ఆర్సీ రెన్యువల్ రుసుమును రెట్టింపు చేసింది. కారుకు 10,000 రూపాయలు, దిగుమతి కారుకు 80,000.

ఢిల్లీ గొడవ హైదరాబాదుకెందుకు అనుకుంటే పొరపాటు. రెన్యువల్ రుసుము ఢిల్లీ ప్రాంతం తప్పించి దేశమంతటికీ పెరిగింది. 1951లో ఎవరి తాతగారో కొన్న ఎంజీ టీడీ స్పోర్ట్స్ కారు ఇప్పటికీ రికార్డుల్లో దిగుమతి బండే.

అలాంటి కారును షెడ్డులో పడేసి ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. తుక్కు కింద కవాడీవాడికి తూకం వేసి ఇచ్చినా ఎవరూ ఏమీ అనరు. కానీ దాన్ని విప్పి, తుప్పు గీకి, ఏళ్ల తరబడి డబ్బూ ఓపికా పోసి మళ్లీ రోడ్డెక్కేలా చేసి, ఫలానా భాగం కొత్తది, ఫలానాది పాతది అని కాగితం మీద రాసిచ్చి అమ్మబోతే మాత్రం చట్టం అనుమానంగా చూస్తుంది. ఈ కరపత్రానికి కారణం అదే.

2021 జూలైలో కేంద్రం కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇది వర్తిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, ఆ తర్వాత రెన్యువల్‌కు 5,000. కొత్తగా నమోదయ్యేవాటికి 'వీఏ' సిరీస్ నంబరిస్తారు, ఇదివరకే నమోదైనవి పాత నంబరు ఉంచుకోవచ్చు. అమ్మితే అమ్మినవాడూ కొన్నవాడూ తొంభై రోజుల్లో తమ రాష్ట్ర రవాణా అధికారులకు తెలపాలి. ఇంతవరకూ బాగుంది. పాత నంబరు ఉంచుకోనివ్వడం నిజంగా మంచి పని.

మెలిక నిర్వచనంలోనే ఉంది. వాహనం మొదటి రూపంలోనే ఉండాలట. ఛాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పుతో కూడిన 'గణనీయమైన ఓవర్‌హాల్' జరిగి ఉండకూడదట. గణనీయం అంటే ఎంత? ఎవరు కొలుస్తారు? సిలిండరు రీబోర్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే అది మార్పా, మరమ్మతా? పుచ్చిన ఫ్లోరు తీసి అదే కొలతతో కొత్త రేకు అతికిస్తే? నిర్వచనం నోరు విప్పదు. తేల్చవలసినవాళ్లు వింటేజ్ దరఖాస్తులు పరిశీలించే రాష్ట్ర కమిటీవాళ్లు. ఒకరికి సరే అనిపించింది ఇంకొకరికి కాదనిపించవచ్చు.

ఎంజీ టీ సిరీస్ కార్ల బాడీ లోపలంతా యాష్ కర్ర చట్రం, దాని మీద ఉక్కు రేకు. 1948లో లండన్ ప్రదర్శనలో జనాన్ని అబ్బురపరిచిన జాగ్వార్ ఎక్స్‌కే 120 మొదటి బళ్లకూ అల్యూమినియం రేకు కింద కర్రే. ఆ కర్ర మన తేమకు పుచ్చుతుంది, చెదలు తింటాయి. డెబ్బై ఏళ్ల తర్వాత దాన్ని మార్చకుండా ఆ కారును నడిపితే మలుపులో తలుపు ఊడి చేతికొస్తుంది. మార్చితే అది బాడీ షెల్‌లో మార్పు. ఇక యజమాని ఏం చేయాలి? గుడి జీర్ణోద్ధరణలో శిథిలమైన రాళ్లు తీసి కొత్తవి పెడతారు, గుడి మారిపోయిందని ఎవరూ అనరు.

ఇంజిన్ సంగతి ఇంకా విడ్డూరం. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతుల మీద ఆంక్షలు బిగుసుకున్న కాలంలో విదేశీ కార్లకు విడిభాగాలు దొరక్క వేల మైళ్ల ఆవల తయారైన బండికి అంబాసిడర్ ఇంజిను, లేదంటే ఏదో ఒక డీజిల్ ఇంజిను బిగించి నడిపించారు. అది మోసం కాదు, గతిలేక చేసిన పని. ఆ ఇంజిన్ నంబరే ఆర్సీలోకి ఎక్కింది. ఇప్పుడు యజమాని ఎక్కడెక్కడో వెతికి అదే మోడల్ అసలు ఇంజిన్ తెచ్చి బిగించాడనుకుందాం. కారు పుట్టిన నాటి రూపానికి వచ్చింది. ఆర్సీ ప్రకారం మాత్రం ఇంజిన్ మారిపోయింది! తప్పు ఇంజిన్‌తో ఉన్నన్నాళ్లూ కాగితాలు సవ్యం, సరైన ఇంజిన్ పడ్డాక అపసవ్యం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పెన్సిల్ రుద్ది తీసిన ఛాసిస్ నంబరు అచ్చు సరిపోయినా ఇంజిన్ దగ్గర ఫైలు ఆగిపోతుంది.

ఇక్కడే దొంగ బాగుపడతాడు. నిజాయితీపరుడు బిల్లులు దాస్తాడు, విప్పకముందు ఫొటోలు తీయిస్తాడు, ఛాసిస్ నంబరు పంచింగ్ చెరగకుండా జాగ్రత్తపడతాడు, కొనేవాడికి అన్నీ చూపిస్తాడు. ఆ కాగితాలే కమిటీ ముందు అతని మీద సాక్ష్యాలవుతాయి. రెండోవాడు బిల్లులు చించేస్తాడు. పాత ఇంజిన్ బ్లాకు అరగదీసి ఆర్సీలో ఉన్న నంబరు పంచ్ చేయిస్తాడు. 'ఫుల్ ఒరిజినల్ సార్, ముట్టుకోలేదు' అంటాడు. బ్రోకరు తల ఊపుతాడు. కొన్నవాడు మోసపోతాడు, కమిటీ సంతకం పెడుతుంది. అబద్ధానికి ముద్ర వేసి నిజానికి అడ్డం పడే నియమాన్ని వారసత్వ పరిరక్షణ అని ఎలా పిలుస్తారు? ఇది పాత కార్లను కాపాడదు, పాత కార్ల పేరుతో అబద్ధాలను కాపాడుతుంది.

ఇలాంటి చట్టం ఎక్కడికి దారితీస్తుందో అమెరికాలో కాన్సస్ రాష్ట్రం చూపించింది. ఒకాయన 2016లో ముచ్చటపడి 50,000 డాలర్లు పోసి రీస్టోర్ చేసిన 1959 మోడల్ కార్వెట్ కొన్నాడు. తనంతట తానే తనిఖీకి తీసుకెళ్లాడు. రీస్టోరేషన్‌లో ఎవరో ఛాసిస్ నంబరు పలక విప్పి మళ్లీ బిగించారని తేలింది. రంగు వేయాలంటే పలక విప్పక తప్పదని షెడ్డు మొహం చూసిన ఎవరికైనా తెలుసు. అయినా కారు జప్తు చేశారు. అలాంటి వాహనాన్ని ధ్వంసం చేయాలన్నది అక్కడి చట్టం. దొంగతనం చేయలేదు, మోసం చేయలేదు, డబ్బు ఇచ్చి కొన్నాడు, అంతే. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక 2022లో అక్కడి శాసనసభ తప్పు దిద్దుకుంది. రీస్టోరేషన్ కోసం పలక విప్పిన పాత కార్లను ఆ నిబంధన నుంచి మినహాయించింది.

లండన్ కోర్టు 1990లోనే ఈ చిక్కుముడి విప్పింది. 1929, 1930 లె మాన్స్ రేసులు రెండూ గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ 'ఓల్డ్ నంబర్ వన్'ను కోటి పౌండ్లకు కొంటామన్న సంస్థ, ఇది అసలు కారు కాదని అడ్డం తిరిగింది. జడ్జి లెక్క తీస్తే 1929 నాటిది దాదాపు ఏమీ మిగల్లేదు. 1930 నాటివి కొన్ని భాగాలే. అయినా ఆ పేరు ఆ కారుదేనన్నాడు. ఎందుకంటే రేసుల కోసం భాగాలు మారుతూ వచ్చినా దాని బతుకు ఎక్కడా తెగిపోలేదు, మార్పులకు లెక్క ఉంది. కొంటామన్నవాళ్లు మాట నిలబెట్టుకోవాలని తీర్పు వచ్చింది. అంటే ఏం మిగిలింది అన్నదాని కంటే, ఏం జరిగిందో తెలుసా అన్నదే పెద్ద ప్రశ్న.

బ్రిటన్ రవాణా అధికారులు ఈ దారిలోనే నడిచారు. నలభై ఏళ్లు దాటిన కార్లకు 2018 నుంచి ఏటా తనిఖీ తీసేసినప్పుడే, మొదటి నమూనాలోనే ఉన్న విడిభాగం వేస్తే దాన్ని గణనీయమైన మార్పుగా లెక్కించబోమన్నారు. 2025 ఆగస్టు 26 నుంచి ఇంకో అడుగు వేశారు. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేస్తే ప్రభుత్వానికి చెప్పనక్కర్లేదు. నిర్మాణంలో పెద్ద మార్పు చేస్తే చెప్పాలి, చెప్పినా కారు తన నంబరు నిలుపుకోవచ్చు. ఇక్కడ రెన్యువల్ రుసుము రెట్టింపైన నెలలోనే అక్కడ ఈ వెసులుబాటు వచ్చింది.

ఇంకో గుంట కూడా ఉంది. యాభై నిండితేనే వింటేజ్. మరి 1985 మెర్సిడెస్ ఎస్ఎల్ సంగతి? 2035 దాకా అది వట్టి ముసలి బండి. ఐదేళ్లకోసారి 80,000 కట్టి, ఫిట్‌నెస్ కోసం తిరిగి, ఢిల్లీ తరహా ఆంక్ష ఇక్కడికెప్పుడొస్తుందోనని ఎదురుచూస్తూ అప్పటిదాకా నెట్టుకురావాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ముప్పై ఏళ్లకే చారిత్రక వాహనం అంటుంది. జర్మనీ 1997 నుంచే ముప్పై ఏళ్ల బళ్లకు ప్రత్యేక నంబరు పలక ఇస్తోంది. ముప్పై నుంచి యాభై దాకా బతికితే కదా వింటేజ్ అయ్యేది!

యాభై దాటి వింటేజ్ ముద్ర పడ్డాకైనా సుఖం ఉందా అంటే అదీ లేదు. ప్రదర్శన, ర్యాలీ, సాంకేతిక పరిశోధన, పెట్రోలు, మరమ్మతు, ఈ పనులకే రోడ్డెక్కాలి. ఆదివారం పొద్దున్నే నాగార్జునసాగర్ దాకా వెళ్లొస్తానంటే అది ఏ పద్దులోకి వస్తుందో చెప్పేవాడు లేడు. తిరగనివ్వని స్పోర్ట్స్ కారును ఎవడు సరైన ధరకు కొంటాడు?

కాలుష్యం అంటారు కొందరు. ఏడాదికి నాలుగుసార్లు బయటికొచ్చే కార్ల మీద పొగ లెక్కలు వేసేవాళ్లు ముందు రోజూ తిరిగే లారీల వైపు చూడాలి. డబ్బున్నోళ్ల సరదా అంటారు ఇంకొందరు. ఆ సరదా డబ్బు చేరేది విజయవాడ ఆటోనగర్ టింకరుకు, లేత్ పట్టే మేస్త్రీకి, సీట్లు కుట్టేవాడికి. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి రోల్స్ రాయిస్‌ను చూసి అబ్బురపడే జనం, అది అంత మెరుస్తూ ఉండడానికి ఎవరి చేతులు నల్లబడ్డాయో ఒక్కసారి ఆలోచించాలి.

కోరేది పెద్దదేం కాదు. నిర్వచనానికి ఒక వివరణ చేర్చాలి. అదే నమూనా, అదే కొలతలతో వేసిన భాగం, తుప్పు మరమ్మతు, రీబోరింగ్, రంగు, అసలు మోడల్ ఇంజిన్ తిరిగి బిగించడం, ఇవేవీ గణనీయమైన ఓవర్‌హాల్ కావని రాయాలి. బదులుగా, యాజమాన్య బదిలీకి ఇచ్చే ఫారం 29, 30లతో పాటు అమ్మేవాడు సంతకం చేసిన రీస్టోరేషన్ వివరం తప్పనిసరి చేయాలి. ఏం మార్చారు, ఎప్పుడు, ఎక్కడ, బిల్లులేవి, ఫొటోలేవి, అన్నీ అందులో ఉండాలి. అందులో అబద్ధం రాస్తే కొన్నవాడికి డబ్బు వెనక్కి రావాలి, అమ్మినవాడికి కేసు పడాలి. ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య కార్లకు పరిమిత కిలోమీటర్ల వాడకంతో, తక్కువ రుసుముతో ఒక తరగతి పెట్టాలి. కమిటీలో స్పానర్ పట్టడం తెలిసినవాడు ఒక్కడైనా ఉండాలి.

నియమం కేంద్రానిదే అయినా దాన్ని అమలుచేసే కమిటీలు రాష్ట్రాలవి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖలు ఆ వివరణ కోరుతూ ఢిల్లీకి రాయవచ్చు, ఈలోగా తమ కమిటీలకు ఒక మార్గదర్శకం ఇవ్వవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. పాత కారు ఉన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు, వాటి మీద బతికే మేస్త్రీలు తమ తమ జిల్లా రవాణా కార్యాలయానికి ఒక్కో ఉత్తరం రాయండి. కారు వివరాలు, చేసిన మరమ్మతుల జాబితా జతచేయండి. అది గణనీయమా కాదా రాతపూర్వకంగా తేల్చమని అడగండి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.