బీమా ఎవరికి?

ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే మన స్త్రీలు జబ్బుపడితే వైద్యం చేయించేది ఎవరు? సౌదీలో 2024 జూలై నుంచి ఆరోగ్యబీమా తప్పనిసరి చేసింది నలుగురికి మించి పనివాళ్ళున్న ఇళ్ళకే. ఒక్క పనిమనిషి ఉన్న ఇంట్లో యజమాని దయే దిక్కు.

మన ప్రభుత్వం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన పెట్టింది. 2017 సవరణతో రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం. ఆస్పత్రి ఖర్చుకు లక్ష దాకా ఇస్తారు. కానీ అది వలస అనుమతితో ముడిపడి ఉంది. పదో తరగతి పాసుకాని స్త్రీకి ముప్ఫయ్యేళ్ళు నిండకపోతే ఇంటిపనికి ఆ అనుమతే రాదు. ఏజెంటు విజిట్ వీసాపై పంపుతాడు. బీమా ఉండదు.

రక్షణ పేరిట పెట్టిన నిబంధన ఆమె ప్రయాణాన్ని ఆపలేదు, రక్షణనే లాక్కుంది. వయసు షరతు ఎత్తివేయాలి. బీమా ప్రతి వలస స్త్రీ హక్కు కావాలి.