దొడ్డిలో చచ్చిన గొర్రెకు లెక్కేది?

తెల్లవారుజామున దొడ్డి తడక తీసిన గొర్లకాపరికి ఎదురయ్యే ఈ దృశ్యం తెలంగాణ, రాయలసీమ పల్లెలకు కొత్త కాదు. పదో పదిహేనో జీవాలు చచ్చి పడి ఉంటాయి. వాటిలో కుక్కలు తిన్నది ఒకటో రెండో. మిగతావాటికి తొడలు చీలి, పొట్టలు చిరిగి ఉంటాయి. ఒక మూలన ఒంటిమీద గాటు కూడా లేనివి కుప్పపడి ఉంటాయి. బెదిరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక పోయినవి అవి. ప్రాణాలతో మిగిలిన చూడి గొర్రెలు ఆ బెదురుకే కొద్ది రోజుల్లో ఈసుకుపోతాయి. నష్టం ఆ ఒక్క రాత్రితో తీరదు.

ఊళ్లో ముందు చిరుత అంటారు, తోడేలు అంటారు. గాట్లు చూసిన పెద్దలు మాత్రం తల అడ్డంగా ఊపుతారు. చిరుత గొంతు పట్టి ఒక జీవాన్ని ఈడ్చుకుపోతుంది. తోడేలు పిల్లను నోట కరుచుకుని పోతుంది. కుక్కల గుంపు అలా కాదు. కడుపు నిండినా ఆగదు, కదిలిన ప్రతిదాన్నీ తరుముతుంది, వెనక కాళ్లు పట్టి చీలుస్తుంది. చేసింది కుక్కలే అయినా చాలాచోట్ల నింద తోడేలు మోస్తోంది. దక్కన్ బీళ్లలో తోడేళ్లే అరుదైపోయిన కాలంలో అది మరో అన్యాయం.

ఇక నష్టం ఎవరికి చెప్పుకోవాలి? అదే గొర్రెను చిరుత చంపితే అటవీశాఖ వచ్చి చూస్తుంది, పరిహారానికి ఒక దారి ఉంది. వరదకు కొట్టుకుపోతే విపత్తు సహాయ నిధి నిబంధనల కింద గొర్రెకు 4,000 రూపాయలు ఇవ్వొచ్చు. కుక్క వన్యమృగం కాదు, ప్రకృతి విపత్తూ కాదు. అందుకని ఆ గొర్రె చావు ఏ పద్దులోనూ పడదు. జీవాలు చచ్చిన మర్నాడు పత్రికల జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది. పశువైద్యాధికారి వచ్చి పంచనామా రాసినా, ఏడాది చివర వాటన్నిటినీ కూడి మండలంలో ఇన్ని జీవాలు కుక్కల వల్ల పోయాయని చెప్పే అంకె మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు. పల్లెల్లో కుక్కల సమస్య ఎన్నేళ్లయినా కదలకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. లెక్కలోకి రాని నష్టానికి బడ్జెట్ రాదు.

ఆ నష్టం చిన్నది కాదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, సుమారు 1.9 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టి, గొల్ల కురుమ కుటుంబాలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో ఇచ్చింది. అలాంటి ఇరవై జీవాల మందలో ఒక్క రాత్రి పది పోతే ఆ ఇంటికి మిగిలేదేమిటి? ఆ కుటుంబానికి గొర్రె అంటే బ్యాంకు ఖాతా. బడి ఫీజుకు ఒకటి, ఆసుపత్రి ఖర్చుకు ఒకటి, ఆడపిల్ల పెళ్లికి నాలుగు అమ్ముకుంటారు.

దేశంలో కుక్కల గురించి ఇంత వాదన జరుగుతున్నా అందులో ఈ దొడ్డి కనిపించదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలను షెల్టర్లకు తరలించమంది. అదే నెల 22న మరో ధర్మాసనం దాన్ని సవరించింది. సంతాన నియంత్రణ ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలని, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ మాత్రం వదలకూడదని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తీసేసి మళ్లీ అక్కడ వదలొద్దని ఆదేశించింది. టీవీ చర్చల్లో ఒకవైపు జంతుప్రేమికులు, మరోవైపు అపార్ట్‌మెంట్ సంఘాలు. గొర్లకాపరిని ఎవరూ పిలవలేదు. ఊరి బడి ఆవరణలోంచి తీసిన పది కుక్కలను షెల్టరే లేని మండలంలో ఎక్కడ ఉంచాలో ఆ సర్పంచికి ఎవరూ చెప్పలేదు.

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ఈ పనిని మున్సిపాలిటీలతో పాటు పంచాయతీలకూ అప్పగించాయి. కాగితం మీద బాగానే ఉంది. కానీ కుక్కలు పట్టే శిక్షణ ఉన్న మనుషులు, వ్యాను, ఆపరేషన్ గది, ఆపరేషన్ అయ్యాక కొన్ని రోజులు ఉంచడానికి గూళ్లు, జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఇవన్నీ కావాలి. వీధి దీపాల కరెంటు బిల్లు కట్టడానికే తడుముకునే పంచాయతీ ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తుంది? చేయలేనివాడి మీద బాధ్యత పెట్టి, చేయలేదని కోప్పడటం పాలన అనిపించుకోదు.

ఆ ఖాళీలోంచే విషం పుడుతుంది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కలను తుపాకీతో కాల్చి చంపారు. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికలు ముగిసిన కొద్ది వారాలకే హనుమకొండ, కామారెడ్డి జిల్లాల గ్రామాల్లో వందల కుక్కలను చంపారన్న ఫిర్యాదులపై పోలీసు కేసులయ్యాయి. కుక్కల బెడద లేకుండా చేస్తామని ఓటర్లకు ఇచ్చిన మాటే దీని వెనక ఉందని వార్తలొచ్చాయి. ఆ మాట అడిగిన ఓటరు బాధ నిజం. పిల్లను బడికి పంపాలంటే చేతికి కర్ర ఇచ్చి పంపుతున్న తల్లిని తప్పుపట్టలేను. కానీ చంపడం తప్పు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం దాన్ని నేరమంటున్నాయి. అంతకంటే ముఖ్యం, దానివల్ల పని జరగదు. తిండి అలాగే ఉన్నంత కాలం, ఖాళీ అయిన ఊళ్లోకి పక్క ఊరి కుక్కలు వస్తాయి, మిగిలినవి ఈనుతాయి. మందు కలిపిన మాంసం ముక్కకు కాపలా కుక్క, వీధి కుక్క అన్న తేడా తెలియదు. అది పెట్టినవాడి బావి కాడి కుక్కా పోతుంది, ఆ కళేబరాన్ని పొడిచిన కాకీ పోతుంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. రాత్రి దొడ్డి మీద పడే గుంపులో అన్నీ దిక్కులేని కుక్కలు కావు. పగలు బావి కాడ, కోళ్ల ఫారం కాడ, ఇంటి అరుగు మీద పడుకునే పెంపుడు కుక్కలే చీకటి పడ్డాక గుంపు కడతాయి. తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు యజమాని గుమ్మంలో ఉంటాయి. పల్లెలో కుక్క అందరిదీ, ఎవరిదీ కాదు. రాత్రి మిగిలిన బువ్వ పెట్టే ఇళ్లు నాలుగు ఉంటాయి, టీకా వేయించే ఇల్లు ఒక్కటీ ఉండదు. ఈ మాట కాపలా కోసం కుక్కను పెంచుకునే రైతులకూ, గొర్లకాపరులకూ కూడా చెందుతుంది. రాత్రి వదిలేసే కుక్కకు యజమాని జవాబుదారీ కావాలి.

గుంపులు పెరగడానికి కారణం తిండి. మండల కేంద్రం నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో చెరువు కట్ట పక్కన ఆగి చూడండి. చికెన్ సెంటర్ల నుంచి సంచుల్లో తెచ్చి పారబోసిన పేగులు, ఈకలు. ఫారాల్లో చచ్చిన బ్రాయిలర్లు. ఊరవతల పడేసిన పశువుల కళేబరాలు. ఒకప్పుడు ఆ కళేబరాన్ని రాబందులు వచ్చి గంటల్లో ఎముకలు మిగిల్చి వెళ్లేవి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ నొప్పి మందు వాటి మూత్రపిండాలను దెబ్బతీసింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేనాటికే రాబందులు తుడిచిపెట్టుకుపోయాయి. తెలంగాణలో వాటిని చూడాలంటే ఆసిఫాబాద్ అడవుల్లోని పాలరాపు గుట్ట దాకా పోవాలి. అవి వదిలిన విస్తరి ముందు ఇప్పుడు కుక్క కూర్చుంది. మాంసం రుచి మరిగిన గుంపు పక్కనే మేస్తున్న మందను వదులుతుందా? కర్నూలు ప్రాంతంలో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేసిన రోళ్లపాడు గడ్డి మైదానంలోనూ కృష్ణజింకలకు కుక్కల బెడద ఉంది.

ఆపరేషన్ల విషయంలో మన రైతుల పంచాంగానికి తెలిసిన ఒక సంగతి పథకాలు రాసేవాళ్లకు పట్టలేదు. ఊర కుక్కలు ప్రధానంగా చిత్త కార్తెలో కడతాయి. గర్భం రెండు నెలలు. డిసెంబరు చలిలో పిల్లలు పుడతాయి, ఒక్కో ఈతకు నాలుగైదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే ఆడకుక్కలకు ఆపరేషన్లు వేసవి నుంచి వినాయక చవితి లోపు అయిపోవాలి. నవంబరులో నిధులు విడుదల చేసి, మార్చిలో ఖర్చు చూపించే పద్ధతిలో నడిస్తే ఒక తరం పిల్లలు అప్పటికే వీధిలో ఉంటాయి.

ప్రతి మండలంలో ఆపరేషన్ గది కట్టమని అడగడం లేదు. రెవెన్యూ డివిజన్‌కు ఒక కేంద్రం, రెండు వ్యాన్లు, శిక్షణ పొందిన ఒక బృందం చాలు. ఒక ఊరు పూర్తిచేశాకే పక్క ఊరికి పోవాలి. జిల్లా అంతటా చెదురుమదురుగా పది చోట్ల పది కుక్కలు పడితే ఫలితం ఉండదు. రేబిస్ వ్యాప్తి ఆగాలంటే కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030కల్లా కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను దేశంలో లేకుండా చేస్తామని 2021లో కేంద్రం జాతీయ ప్రణాళిక ప్రకటించింది. 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లే 37 లక్షలు. మనిషికీ పశువుకూ రేబిస్ టీకాలు తయారుచేసే సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. అయినా కుక్క కరిస్తే పసరు కట్టించుకుని ఇంట్లో కూర్చునే ఊళ్లు ఇంకా ఉన్నాయి. కరిచిన చోట సబ్బుతో, ధారగా పారే నీటితో పావుగంట కడిగి, ఆరోజే ఆసుపత్రికి పోవాలి. కుక్క కరిచిన గొర్రెకూ బర్రెకూ కూడా పశువైద్యుడి దగ్గర టీకా వేయించాలి. కోసి అమ్మేయకూడదు.

దొడ్డి కాడ చేయగలిగింది కొంత ఉంది. తుమ్మకంప కంచె కుక్కను ఆపలేదు. మనిషెత్తు ఇనుప జాలి కావాలి, దాని అడుగు జానెడైనా భూమిలోకి దిగాలి, లేదా బండరాళ్లు పేర్చాలి, ఎందుకంటే కుక్క ఎగరడం కంటే తవ్వడం ఎక్కువ చేస్తుంది. తల్లులు మేతకు పోయాక దొడ్లో మిగిలే పిల్లలకు పైకప్పున్న గది ఉండాలి. గొర్రె ఈనినప్పుడు పడే మావిని, చచ్చిన పిల్లను కంచె అవతల విసరకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలి. ఆ వాసనే గుంపుకు మొదటి పిలుపు. పొలాల్లో మంద పెట్టి ఊరూరా తిరిగే కాపరికి మాత్రం జాలి గోడ కుదరదు. వల, టార్చిలైటు, నిద్ర లేని రాత్రి తప్ప అతనికి వేరే రక్షణ లేదు. జాలికి, పైకప్పుకు ఉపాధి హామీ షెడ్ల పద్ధతిలో సాయం అందించినా అది స్థిరంగా ఉండే దొడ్లకే ఉపయోగపడుతుంది.

అందుకే పరిహారం తప్పదు. తమిళనాడులో తిరుప్పూరు ప్రాంతపు రైతులు కుక్కలు చంపిన గొర్రెల కోసం రోడ్డెక్కారు, అక్కడి ప్రభుత్వం పరిహారానికి ఒప్పుకుంది. ఇక్కడా అది సాధ్యమే. పంచాయతీ కార్యదర్శి, పశువైద్యాధికారి కలిసి రాసే ఒక పంచనామా, ఒక ఫొటో, చెవి పోగు నంబరు చాలు. డబ్బు ఎంతన్నది తర్వాత తేల్చుకోవచ్చు. పరిహారం ఇవ్వాల్సి వచ్చిన రోజున ప్రభుత్వానికి ఆపరేషన్లే చవక అని తెలుస్తుంది.

కొత్తగా గెలిచిన సర్పంచులను ఒకటి కోరుతున్నాను. విషం మాట పక్కన పెట్టండి. వచ్చే గ్రామసభలో ఒక రిజిస్టరు తెరవండి. ఊళ్లో పెంపుడు కుక్కలెన్ని, యజమాని లేనివెన్ని, ఈ ఏడాది ఎవరి దొడ్లో ఎన్ని జీవాలు పోయాయి, ఎవరిని కుక్క కరిచింది, అన్నీ తేదీలతో రాయించండి. తీర్మానం చేసి నకలు కలెక్టరుకు పంపండి. చికెన్ వ్యర్థాలు చెరువు కట్టన పోసేవారికి ఆ సభలోనే జరిమానా నిర్ణయించండి. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. ఆపరేషన్ల వ్యాను అంతకు ముందే మీ ఊరికి రావాలి.