వ్యవస్థాపకులు పోతే బ్యాండు పోయినట్టేనా?

పంక్, మెటల్ కలిసిన అతివేగపు సంగీతం గ్రైండ్‌కోర్‌కు పేరుపడ్డ నేపామ్ డెత్ బ్యాండు గురించి ఒక మాట చాలా ఏళ్లుగా చలామణీలో ఉంది. మొదలుపెట్టినవాళ్లు ఒక్కరూ లేరు కాబట్టి అసలు బ్యాండు ఎప్పుడో పోయిందని, ఇప్పుడు మిగిలింది పేరేనని. గ్రైండ్‌కోర్ చరిత్ర మాకే తెలుసనేవాళ్ల నోట ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఆ చరిత్ర వాళ్లకు ఎదురు సాక్ష్యం చెబుతోంది మరి.

1981లో ఇంగ్లండులోని మెరిడెన్ అనే ఊళ్లో నిక్ బుల్లెన్, మైల్స్ రాట్లెజ్ అనే బడి వయసు కుర్రాళ్లు ఈ బ్యాండు పెట్టారు. అప్పటికి వాళ్లది అరాచకవాద పంక్. తర్వాత డ్రమ్స్ దగ్గర రాట్లెజ్ స్థానంలోకి మిక్ హారిస్ వచ్చాడు. 1986 ఆఖరుకు బుల్లెన్ కూడా వెళ్లిపోయాడు. ఆ మాట అనేవాళ్లంతా నెత్తిన పెట్టుకునే తొలి ఆల్బమ్ ‘స్కమ్’ ఇయరేక్ సంస్థ నుంచి వచ్చింది 1987లో. అంటే ఆ రికార్డు దుకాణానికి చేరేసరికే బ్యాండులో వ్యవస్థాపకుడన్నవాడు లేడు.

ఆ రికార్డునే తిప్పి చూడండి. మొదటి వైపు 1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో రికార్డు చేసింది. గొంతు బుల్లెన్‌ది, గిటార్ జస్టిన్ బ్రాడ్రిక్‌ది. రెండో వైపు 1987 మే నాటిది. గొంతు లీ డోరియన్‌ది, గిటార్ బిల్ స్టీర్‌ది, బేస్ జిమ్ వైట్లీది. రెండు వైపులా ఉన్నవాడు హారిస్ ఒక్కడే. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఖాళీ చెవికి దొరకనంత వేగంగా అతను వాయించిన బ్లాస్ట్ బీట్ మీదే ఆ 28 పాటలూ 33 నిమిషాల్లో పరుగెత్తాయి. వ్యవస్థాపకులే కొలమానమైతే రెండో వైపును నేపామ్ డెత్ ఖాతాలోంచి కొట్టేయాలి. అంత ధైర్యం చేసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

1990లో ‘హార్మనీ కరప్షన్’ కోసం ఫ్లోరిడా వెళ్లి, అక్కడి డెత్ మెటల్ పోకడలోకి ఒరిగిపోయారన్న ఫిర్యాదు న్యాయమైనదే. ఆ ఆల్బమ్‌లో బరువు పెరిగింది, పాత తెగువ కొంత తగ్గింది. అయితే శైలి మారిందంటే బ్యాండు చచ్చిందని కాదు. 1987లో చేరిన షేన్ ఎంబరీ ఇప్పటికీ బేస్ వాయిస్తున్నాడు. 1989లో గాయకుడిగా వచ్చిన బార్నీ గ్రీన్‌వే, 90ల నడుమ కొద్దికాలం తప్పితే, ఉంటూనే ఉన్నాడు. వ్యవస్థాపకులు ఉన్న కాలం కంటే వీళ్లు మోసిన కాలం ఎన్నో రెట్లు ఎక్కువ.

మోసినది పేరొక్కటేనా? ‘స్కమ్’ మొదటి పాట బహుళజాతి సంస్థల మీద. 1988 నాటి రెండో ఆల్బమ్‌లో పురుషాహంకారం మీద, జాతి ద్వేషం మీద పాటలున్నాయి. 2020 నాటి ‘త్రోస్ ఆఫ్ జాయ్ ఇన్ ద జాస్ ఆఫ్ డిఫీటిజం’ సాటి మనిషిని పరాయివాడిగా ముద్రవేసి మనిషి కాకుండా చేసే రాజకీయం మీద. దాని అట్ట మీద ఛిద్రమైన తెల్ల పావురం. వరసగా వింటే ఇదంతా ఒకే కోపం.

ఆ కోపం పాటల్లోనే ఆగిపోలేదు. 2024 దాకా ఇండోనేషియా అధ్యక్షుడిగా ఉన్న జోకో విడోడో ఈ బ్యాండు అభిమాని. వాళ్ల టీషర్టు వేసుకున్న ఫొటోలు కూడా ఉన్నాయి. ఆ దేశంలో మాదకద్రవ్యాల కేసులో మరణశిక్ష పడ్డ ఆండ్రూ చాన్, మయురన్ సుకుమారన్‌ల ప్రాణాలు కాపాడమని 2015లో ఆ అధ్యక్షుణ్ణే గ్రీన్‌వే బహిరంగంగా వేడుకున్నాడు. ఏప్రిల్ 29న ఇద్దరినీ కాల్చి చంపారు. విన్నపం ఫలించలేదు. కానీ దేశాధినేత తమ అభిమాని అని పొంగిపోవాల్సిన చోట, ఆ అభిమానాన్నే పట్టుకుని అతణ్ణి నిలదీసింది మీరు నకిలీ అంటున్న ఈ నేపామ్ డెత్తే.