ఆ గుడికి నిప్పు పెట్టింది ఎవరు?

యూదుల పంచాంగంలో ఆవ్ నెల తొమ్మిదో రోజు తిషా బీఆవ్. మన లెక్కన జూలైలోనో ఆగస్టులోనో వస్తుంది. ముందురోజు పొద్దుగూకింది మొదలు మర్నాడు చీకటి పడేదాకా, సుమారు 25 గంటలు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. స్నానం చెయ్యరు, తోలు చెప్పులు వేసుకోరు. ఆ రాత్రి ప్రార్థనామందిరంలో దీపాలు తగ్గించి, చావింట్లో కూర్చున్నట్టు నేల మీద కూర్చుని విలాపవాక్యముల గ్రంథం చదువుతారు. యెరూషలేములో మొదటి ఆలయాన్ని క్రీ.పూ. 586లో బబులోను సైన్యం, రెండోదాన్ని క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఈ తిథినాడే తగలబెట్టాయని వాళ్ల నమ్మకం.

ఆ దుఃఖానికి నేను తల వంచుతాను. నా పేచీ అంతా దానికి చెప్పే ఆధ్యాత్మిక అర్థంతోనే, అంటే ఆ నాశనం పాపాలకు దేవుడు వేసిన శిక్ష అనడంతోనే.

ముందు తిథి సంగతి. మొదటి ఆలయం కాలింది ఐదో నెల ఏడో రోజున అంటుంది రాజులు రెండవ గ్రంథం. పదో రోజున అంటుంది యిర్మీయా గ్రంథం. తొమ్మిది రెండింట్లోనూ లేదు. ఏడున శత్రువు లోపలికి వచ్చాడనీ, తొమ్మిది సాయంత్రం నిప్పు పెట్టాడనీ, పదినాడంతా తగలబడిందనీ యూదుల ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో పండితులు సర్దిచెప్పారు. ఎక్కువ భాగం కాలింది పదిన కాబట్టి, ఆ తరంలో తానుంటే ఆ రోజే ఉపవాసం పెట్టేవాణ్ణని వాళ్లలో ఒకరైన రబ్బీ యోహానాన్ అభిప్రాయం. నాకు ఈ చర్చ ఎంతో నచ్చుతుంది. మనుషులు కూర్చుని, వాదించుకుని ఖాయం చేసుకున్న తిథి ఇది.

అదే తాల్ముద్‌లో ఇంకో కథ ఉంది. మోషే కాలంలో, దేవుడిస్తానన్న దేశాన్ని చూసిరావడానికి వెళ్లిన వేగులవాళ్లు తెచ్చిన కబురు విని జనం ఆవ్ తొమ్మిదో రాత్రంతా భయంతో ఏడ్చారట. ఉత్తపుణ్యానికి ఏడ్చారు గనక ఈ రాత్రిని తరతరాలకూ ఏడుపు రాత్రిగా చేస్తానన్నాడట దేవుడు. ఎడారిలో తాతముత్తాతలు ఏడ్చినందుకు వందల ఏళ్ల తర్వాత పుట్టిన పసివాళ్లు ఆకలితో మాడి చావాలా? విలాపవాక్యములే చూడండి. ముట్టడిలో దాహంతో నాలుక అంగిటికి అంటుకుపోయిన చంటిబిడ్డ అందులో ఉంది. పట్టెడన్నం అడిగి, పెట్టే దిక్కులేక నిలబడ్డ పిల్లలున్నారు. వాళ్లు చేసిన పాపం ఏమిటో ఏ గ్రంథమైనా చెప్పగలదా?

నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపారు. అందులో పిల్లలే సుమారు 15 లక్షలు. అదీ పాపాలకు శిక్షేనన్న మతపెద్దలు యూదుల్లోనే ఉన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో మనవాళ్లు అనే "నీ కర్మ" అన్న మాటకూ దీనికీ తేడా లేదు. రెండూ దెబ్బ తిన్నవాళ్ల మీదే నేరం మోపుతాయి. కొట్టినవాడు మాత్రం దేవుడి చేతిలో కర్రగా మారి తప్పించుకుంటాడు.

రెండో ఆలయాన్ని తగలబెట్టిన సైన్యానికి సేనాని టైటస్. రోమ్ నగరంలో అతని విజయతోరణం ఇప్పటికీ నిలిచి ఉంది. యెరూషలేము ఆలయం నుంచి దోచుకొచ్చిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని భుజాలకెత్తుకుని ఊరేగుతున్న రోమన్లు దాని లోపలి గోడ మీద చెక్కి ఉన్నారు.