అప్పు ఇచ్చేవాళ్లున్నారు.. చెయ్యి పట్టి నడిపించే ఉస్తాద్ ఏడీ?

2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం 'రాజీవ్ యువ వికాసం' పథకం ప్రకటించగానే ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం మీసేవ కేంద్రాల ముందు యువత బారులు తీరింది. సుమారు 5 లక్షల మందికి సాయం చేస్తామంటే దాదాపు 16 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీలతో పాటు మైనారిటీలకూ ఇందులో చోటిచ్చారు. 50 వేల రూపాయల లోపు యూనిట్‌కు పూర్తి సబ్సిడీ. లక్ష లోపు అయితే 90 శాతం, 2 లక్షల లోపు 80 శాతం, 4 లక్షల దాకా 70 శాతం సబ్సిడీ అన్నారు. జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తామని చెప్పి, తర్వాత వాయిదా వేశారు.

ఈ పథకాన్ని ముందుండి నడిపించింది ఆర్థిక శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క. ఆయన సొంత నియోజకవర్గం మధిర. అందులోని ఐదు మండలాల్లో ఎర్రుపాలెం ఒకటి. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న మండలం. కాబట్టి పథకం ఎప్పుడు అమలవుతుందన్న ప్రశ్నకు ఇక్కడ బరువు ఎక్కువ. కానీ దానికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. డబ్బు చేతికొచ్చిన మర్నాటి నుంచి ఆ కుర్రాడికి వ్యాపారం నేర్పేదెవరు?

హునర్ ఉంది, హిసాబ్ లేదు

ముస్లిం కుటుంబాలకు సొంత పని కొత్తేమీ కాదు. దేశంలోని ముస్లిం కార్మికుల్లో 61 శాతం మంది స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. హిందువుల్లో ఆ లెక్క 55 శాతం. టైలరింగ్, మెకానిక్ షెడ్డు, వెల్డింగ్, కోళ్ల దుకాణం, పండ్ల బండి, చెప్పుల షాపు.. ఇలా ఏ ఊళ్లో చూసినా ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడ్డవాళ్లే. వీళ్లలో ఎక్కువ మంది ఏ కాలేజీలోనూ పని నేర్చుకోలేదు. ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరి, పానాలు అందిస్తూ, చీవాట్లు తింటూ నేర్చుకున్నారు. సరిహద్దు దాటితే విజయవాడ ఆటోనగర్. అక్కడి షెడ్లలో లారీ ఇంజన్ విప్పి బిగించే వాళ్లలో ఎంతమంది ఇలా తయారయ్యారో లెక్కే లేదు.

'ఎంబీఏకు బదులు మెంటార్ దగ్గర నేర్చుకోండి' అని ఈమధ్య పెద్ద నగరాల్లో కొత్తగా చెబుతున్నారు. నిజానికి మన ఇళ్లల్లో అది తాతల నాటి పద్ధతి. అయితే ఆ పద్ధతిలో ఒక పెద్ద లోటుంది. ఉస్తాద్ పని నేర్పుతాడు, వ్యాపారం నేర్పడు. కార్బొరేటర్ శుభ్రం చేయడం చూపిస్తాడు గానీ, స్పేర్ పార్టులు ఎక్కడ ఎంతకు కొంటున్నాడో షాగిర్ద్‌కు చెప్పడు. గల్లా పెట్టె తాళం తన జేబులోనే ఉంటుంది. పదేళ్లు పనిచేసి బయటికొచ్చిన కుర్రాడికి చేతిలో హునర్ ఉంటుంది, హిసాబ్ మాత్రం తెలియదు.

దీని వల్ల జరిగే నష్టం ఎంతో ఒక లెక్కతో చూద్దాం. ఒక బైక్ మెకానిక్ కొత్తగా షెడ్డు పెట్టి నెలకు 30 వేలు సంపాదిస్తున్నాడనుకుందాం. వినడానికి బాగానే ఉంది. అందులో అద్దె 4 వేలు, కరెంటు వెయ్యి, స్పేర్ పార్టులకు 9 వేలు, అప్పు కిస్తీ 3 వేలు పోతే మిగిలేది 13 వేలు. ఊళ్లో తెలిసిన వాళ్లకు ఉధార్ పెట్టి వసూలు కాని 5 వేలు కూడా తీసేస్తే 8 వేలు. నెలకు 26 రోజులు పనిచేశాడనుకుంటే రోజుకు 300 పైచిలుకు. అంటే కూలికి వెళ్లినా ఇంతకంటే ఎక్కువే వచ్చేది. కానీ రోజూ గల్లాలో నోట్లు కనబడుతుంటాయి కాబట్టి వ్యాపారం బాగానే నడుస్తోందనుకుంటాడు. ఆరు నెలల తర్వాత కిస్తీ ఆగుతుంది. షెడ్డు మూతపడితే జనం 'బర్కత్ లేదు' అంటారు. అసలు లేనిది ఖాతా పుస్తకం.

డిగ్రీ ఎవరికి, ఉస్తాద్ ఎవరికి?

బిజినెస్ స్కూల్ చదువును తీసిపారేయడానికి లేదు. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు 1961లో మొదలయ్యాయి. హైదరాబాద్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో వచ్చింది. పెద్ద కంపెనీలను నడిపే మేనేజర్లను తయారు చేయడం వీటి పని, ఆ పని అవి బాగానే చేస్తున్నాయి. బ్యాంకులో, కంపెనీలో ఉద్యోగం కావాలంటే డిగ్రీయే తలుపు తెరుస్తుంది. ఐసెట్ రాసి, బీసీ-ఈ కోటాలో సీటు తెచ్చుకుని ఎంబీఏ చేస్తున్న పిల్లలు ఆ దారిన వెళ్లడం మంచిదే.

చిక్కంతా మరో రకం పిల్లలతో. నాన్న దుకాణాన్నే పెద్దది చేయాలనుకునేవాడు, కుట్టు మిషన్‌ను బొటిక్‌గా మార్చాలనుకునే అమ్మాయి. వీళ్ల కోసం కుటుంబాలు అప్పు చేసి ఏదో ఒక కాలేజీలో ఎంబీఏలో చేర్పిస్తున్నాయి. అక్కడ చెప్పే పాఠాల్లో మార్కెటింగ్ ఉంటుంది గానీ, మధిర సంతలో ఎంతకు అమ్మాలో, రేటు పెంచితే ఎవరు వెళ్లిపోతారో, సరుకు ఇచ్చే సేట్ దగ్గర వాయిదా ఎలా అడగాలో ఉండదు. అవి పక్కన నిలబడి చూపించే మనిషి ఉంటేనే వస్తాయి.

చెయ్యి పట్టి నడిపించిన చోట్ల ఏం జరిగింది?

ఇలాంటి నమూనాలు మన దేశంలోనే ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ధర్మాధికారి వీరేంద్ర హెగ్గడే చొరవతో, సిండికేట్, కెనరా బ్యాంకుల తోడ్పాటుతో రుడ్‌సెట్ సంస్థ మొదలైంది. నిరుద్యోగ యువతకు ఉచితంగా భోజనం, వసతి ఇచ్చి కొద్ది వారాల్లో పని, వ్యాపారం రెండూ నేర్పే సంస్థ ఇది. దాన్ని చూసే కేంద్రం జిల్లాకో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ పెట్టించింది. వాటినే ఆర్‌సెటీలు అంటారు. ఖమ్మం జిల్లాలో ఆ బాధ్యత ఎస్‌బీఐ చూస్తోంది. గ్రామీణ యువతీ యువకులు చేరవచ్చు. ఇందులో అందరూ గమనించాల్సింది శిక్షణ అయిపోయాక ఏం చేయాలన్నది. ఆ తర్వాత 2 ఏళ్ల పాటు ఆ వ్యక్తి వెంట ఉండి, బ్యాంకు రుణం దగ్గర్నుంచి దుకాణం నిలదొక్కుకునే దాకా తోడ్పడాలని నియమం. చాలా మందికి సర్టిఫికెట్ గురించి తెలుసు. ఈ 2 ఏళ్ల హక్కు గురించి తెలియదు, తెలియదు కాబట్టి అడగరు.

1992లో లక్ష్మీ వెంకటేశన్ స్థాపించిన భారతీయ యువశక్తి ట్రస్ట్‌ది ఇంకో దారి. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని యువతకు బ్యాంకు నుంచి అప్పు ఇప్పించడం, ఆ అప్పుతో పాటే ఒక మెంటార్‌ను జత చేయడం. ఆ మెంటార్ జీతం తీసుకోకుండా తన సమయం ఇచ్చే అనుభవజ్ఞుడు. అప్పు, మనిషి కలిసి రావడమే ఈ పద్ధతి కీలకం.

ఇక దూరం వెళ్లక్కర్లేదు. పాత ఖమ్మం జిల్లాకు ఒక కొన ఎర్రుపాలెం అయితే మరో కొన భద్రాచలం మన్యం. 2016లో జిల్లాల విభజనతో అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లింది. ఒకప్పుడు పొలాల్లో కూలికి వెళ్లిన భద్రాచలం మహిళలు ఇప్పుడు చిరుధాన్యాలతో బిస్కెట్లు తయారు చేస్తున్నారు. 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో చెప్పారు. ఈ మహిళలే 3 నెలల్లో 40 వేల శానిటరీ న్యాప్‌కిన్లు కూడా తయారు చేశారు. వాళ్లలో ఎవరూ బిజినెస్ స్కూల్ మెట్లెక్కలేదు. స్వయం సహాయక సంఘంలో చేరారు, శిక్షణ తీసుకున్నారు, కలిసి పనిచేశారు. సరుకు ఎలా తయారు చేయాలి అన్నదాంతో పాటు ఎవరికి, ఎంతకు, ఏ పేరుతో అమ్మాలి అన్నదీ నేర్చుకున్నారు. మన షెడ్లలో నేర్పనిది సరిగ్గా ఈ రెండో సగమే.

ఉస్తాద్‌కూ పరీక్ష ఉండాలి

ఈ విషయంలో జర్మనీ ఒక పాఠం చెబుతోంది. అక్కడ పని నేర్చుకునే కుర్రాడు వారంలో కొన్ని రోజులు షాపులో, కొన్ని రోజులు వృత్తి పాఠశాలలో ఉంటాడు. 'మైస్టర్' అనిపించుకోవాలంటే, అంటే మన మాటల్లో ఉస్తాద్ కావాలంటే, నాలుగు భాగాల పరీక్ష రాయాలి. చేతిపని, దాని శాస్త్రం, వ్యాపార లెక్కలు-చట్టాలు, చివరికి పిల్లలకు ఎలా నేర్పాలి అన్నది. పని వచ్చినంత మాత్రాన నేర్పడం వస్తుందని అక్కడ అనుకోరు.

మన దగ్గర ఆ పట్టింపు లేకపోవడం వల్లే ఉస్తాద్ పద్ధతిలో చెడు కూడా పెరిగింది. నేర్పుతున్నామన్న పేరుతో జీతం లేకుండా ఏళ్ల తరబడి చాకిరీ చేయించుకునే చోట్లున్నాయి. బడికి వెళ్లాల్సిన పిల్లాణ్ని 'చోటూ' చేసి కూర్చోబెడుతున్నారు. 2016 సవరణ తర్వాత 14 ఏళ్ల లోపు పిల్లలతో ఏ పనీ చేయించకూడదు. బడి అయ్యాక సొంత కుటుంబ పనిలో సాయపడటానికి మినహాయింపు ఉంది. 18 ఏళ్ల లోపు వారిని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. ముందు పదో తరగతి, తర్వాతే షెడ్డు. ఇందులో రాజీ పడితే మెంటార్ అన్న మాటకు అర్థమే ఉండదు.

ఆడపిల్లల సంగతి మరీ ముఖ్యం. షెడ్డు, దుకాణం మగవాళ్ల చోట్లు కాబట్టి వాళ్లకు ఉస్తాద్ దొరకడు. ఇంట్లో కుట్టు, మగ్గం వర్క్, బిర్యానీ ఆర్డర్లు నడిపే అమ్మాయిలు ఎందరో ఉన్నారు. తమ శ్రమకు రేటు కట్టుకోవడం ఎవరూ నేర్పలేదు కాబట్టి దారం, నూనె ఖర్చు వస్తే చాలనుకుంటున్నారు. హజ్రత్ ఖదీజా సొంతంగా పెద్ద వర్తకం నడిపారన్న సంగతి చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన ఇళ్లల్లో ఇలా జరగాల్సింది కాదు.

వడ్డీ ప్రశ్న

చాలా కుటుంబాలు బ్యాంకు దగ్గర ఆగిపోవడానికి సూద్ ఒక కారణం. కేంద్రం 2023 సెప్టెంబర్ 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల వారికి శిక్షణ ఇస్తుంది. శిక్షణ కాలంలో రోజుకు 500, పనిముట్లకు 15 వేలు ఇస్తుంది. టైలర్, క్షురకుడు, కమ్మరి, తాపీ మేస్త్రీ ఆ జాబితాలో ఉన్నారు. బైక్ మెకానిక్ లేడు. గురుశిష్య పరంపరను బలపరచడం దాని లక్ష్యాల్లో ఒకటి. అందులోని రుణానికి 5 శాతం వడ్డీ ఉంది. రుణం వద్దనుకునేవారు కూడా శిక్షణ, పనిముట్ల సాయం వరకు ఉపయోగించుకోవచ్చు. యువ వికాసంలో 50 వేల లోపు యూనిట్‌కు పూర్తి సబ్సిడీ కాబట్టి అక్కడ వడ్డీ ఊసే రాదు.

దీనికి తోడు మన సంప్రదాయంలోనే ముజారబా ఉంది. ఒకరిది పెట్టుబడి, ఇంకొకరిది శ్రమ. లాభం ముందే అనుకున్న వాటాల్లో పంచుకుంటారు. పనిచేసేవాడి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాడే భరిస్తాడు. ఇందులో వడ్డీ లేదన్నది అందరికీ తెలిసిందే. అంతగా గుర్తించని మేలు ఇంకొకటుంది. తన సొమ్ము మునిగే వీలుంది కాబట్టి పెట్టుబడి పెట్టినవాడు వారం వారం వచ్చి లెక్క చూస్తాడు, సలహా ఇస్తాడు. తనకు తెలియకుండానే మెంటార్ అవుతాడు. షరతులు మాత్రం కాగితం మీద రాసుకోవాలి. మాట మీద నడిచిన భాగస్వామ్యాలే తర్వాత బంధుత్వాలను తెంచుతున్నాయి.

ఎవరిని నమ్మాలి?

'మూడు నెలల్లో లక్షాధికారి' అంటూ ఫోన్లలో కోర్సులు అమ్మేవాళ్లు కూడా తమను మెంటార్లమనే చెప్పుకుంటున్నారు. ఫీజు కట్టే ముందు అడగాల్సినవి కొన్నున్నాయి. ఆయనకు నడుస్తున్న వ్యాపారం ఉందా, లేక కోర్సులు అమ్మడమే ఆయన వ్యాపారమా? తన ఖాతా పుస్తకం చూపిస్తాడా? ఆయన దగ్గర నేర్చుకుని సొంతంగా నిలబడ్డవాళ్లను కలిపిస్తాడా? నష్టం వచ్చిన సంగతి కూడా చెబుతాడా? ఏడాది తర్వాత ఫోన్ ఎత్తుతాడా? వీటికి సూటిగా జవాబిచ్చే వ్యక్తి పక్క వీధి కిరాణా సేట్ అయినా సరే, మంచి మెంటారే.

ఎర్రుపాలెం లాంటి మండలంలో ఇందుకు పెద్ద భవనం అక్కర్లేదు. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, పాతికేళ్లుగా దుకాణం నడుపుతున్న వ్యాపారి, జీఎస్‌టీ ఫైలు చేసే కుర్రాడు.. ప్రతి ఊళ్లో ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారానికి రెండు గంటలు కేటాయించమని మసీదు కమిటీలు, ఊరి పెద్దలు వారిని అడగవచ్చు. రోజువారీ ఖాతా రాయడం, సరుకుకు రేటు కట్టడం, ఉధార్‌కు హద్దు పెట్టడం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితంగా చేయించడం.. మొదటి ఏడాదికి ఈ నాలుగు పాఠాలు చాలు.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకా ఉంది. యువ వికాసం యూనిట్ ఎప్పుడు మంజూరైనా ప్రతి లబ్ధిదారుడికీ పేరు, ఫోన్ నంబరుతో సహా ఒక మెంటార్‌ను జత చేయాలి. 2 ఏళ్ల తర్వాత ఎన్ని దుకాణాలు తెరిచే ఉన్నాయో మండలాల వారీగా బయటపెట్టాలి. ఎంతమందికి ఇచ్చామన్న లెక్క ప్రతి పథకానికీ వస్తోంది. ఎంతమంది నిలబడ్డారన్న లెక్క రావడం లేదు. మధిర నియోజకవర్గంతోనే ఆ లెక్క మొదలుపెడితే, మిగతా రాష్ట్రం దాన్ని చూసి అడుగుతుంది.